ఇంప్లాంట్ వేయించుకుంటే మాత్రల కంటే కలిసొస్తుందా?

పెళ్లయి ఆర్నెల్లయిందని, డాలస్‌లో ఉంటున్నామని, ఇంకో మూడేళ్లు పిల్లలు వద్దనుకుంటున్నామని రాశారు. గర్భం రాకుండా చేతి చర్మం కింద పెట్టే హార్మోన్ కడ్డీ, అంటే ఇంప్లాంట్, వెయ్యి డాలర్ల పైనే అని విని గర్భనిరోధక మాత్రలే నయమేమో అంటున్నారు. నేను ఇక్కడే నెక్స్‌ప్లనాన్ అనే ఇంప్లాంట్ వేయించుకుని మూడేళ్లూ ఉంచుకున్నాను.

ముందు మీ చేతి నుంచి ఎంత పోతుందో తేల్చుకోండి. అఫర్డబుల్ కేర్ యాక్ట్ అనే అమెరికా ఆరోగ్య బీమా చట్టం వల్ల, ఉద్యోగం తరఫున వచ్చే చాలా ఇన్సూరెన్సులు ఇంప్లాంట్‌నీ, వేసే ఫీజునీ, తీసే ఫీజునీ కోపే (మన చేతి నుంచి కట్టే వాటా) లేకుండా కట్టాలి. కొన్ని మత సంస్థల ఉద్యోగాలకు మినహాయింపు ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి "కవర్ అవుతుందా" అని ఊరికే అడగకండి. పరికరం కోడ్ జె7307, వేయడానికి 11981, తీయడానికి 11982. మూడూ విడివిడిగా అడిగి, కాల్ రిఫరెన్స్ నంబర్ రాసుకోండి. నాకు క్లినిక్ నుంచి ఆఫీస్ విజిట్ పేరుతో వేరే బిల్లు వచ్చింది. ఆ నంబర్ చెప్పి క్లెయిమ్ మళ్లీ వేయిస్తే రద్దయింది.

ఇన్సూరెన్స్ లేకపోతే సంగతి వేరు. మాత్రలకు నెలకు 20 డాలర్లు అనుకుంటే మూడేళ్లకు 720. పైకి మాత్రలే చవక. కానీ మాత్రలు వాడేవాళ్లలో, మర్చిపోయే రోజులతో సహా లెక్కేస్తే, ఏడాదికి నూటికి ఏడుగురికి గర్భం వస్తుంది. ఇంప్లాంట్‌తో అది వెయ్యికి ఒకరు. పైగా టెక్సస్‌లో 2022 నుంచి అబార్షన్ దాదాపు పూర్తిగా నిషేధం. అనుకోకుండా గర్భం వస్తే అయ్యే ఖర్చు ముందు ఆ తేడా ఎంత? బ్రిటన్‌లో ఏ చికిత్స ఖర్చుకు తగ్గదో బేరీజు వేసే నైస్ సంస్థ 2005లోనే, ఒక్క ఏడాది వాడినా ఇంప్లాంట్ లాంటి పద్ధతులే మాత్రల కంటే ఖర్చుకు తగ్గ ఫలితం ఇస్తాయని తేల్చింది. చేతిలో డబ్బు తక్కువైతే టైటిల్ టెన్ క్లినిక్‌లు (ప్రభుత్వ నిధులతో నడిచే కుటుంబ నియంత్రణ క్లినిక్‌లు) చూడండి, అక్కడ ఆదాయాన్ని బట్టి ఫీజు.

అసలు ఆలోచించాల్సింది ఇంప్లాంట్ వల్ల వేళాపాళా లేకుండా వచ్చే బ్లీడింగ్ గురించి. ట్రయల్స్‌లో నూటికి సుమారు 11 మంది దాన్ని భరించలేకే తీయించేసుకున్నారు. నాకూ మొదట్లో ఎప్పుడు పడితే అప్పుడు స్పాటింగ్. అత్తయ్యగారు ఇక్కడే ఉండగా వరలక్ష్మీ వ్రతం రోజు పొద్దున్నే మరక కనిపించి ఎంత టెన్షన్ పడ్డానో! తర్వాత బాగా తగ్గింది. అందరికీ తగ్గుతుందని మాత్రం చెప్పలేను. మన ఇళ్లలో అడుగుదామన్నా తెలిసినవాళ్లు దొరకరు. అమ్మ, పిన్ని, మేనత్త, అందరూ ఇద్దరు పిల్లలు కాగానే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఆంధ్రాలో 2019-21 సర్వే ప్రకారం పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందిది అదే దారి. అందుకే ఈ బ్లీడింగ్ సంగతి ముందే తెలిసి వేయించుకోండి. సొంత డబ్బు పెట్టి ఆరో నెలలో తీయించేస్తే నష్టమే. ఏడాదిలోపే మనసు మారేలా ఉన్నా నేనైతే వద్దంటాను.

వేయడం నొప్పి కాదు. చేతి లోపలి వైపు, మోచేతికి పైన మత్తు సూది ఇచ్చి, అగ్గిపుల్లంత కడ్డీని చర్మం కిందకు పంపుతారు. తగులుతోందో లేదో వేలితో నొక్కి చూడమంటారు. తప్పకుండా చూడండి. తగలకపోతే తీసేటప్పుడు స్కాన్ అనీ, స్పెషలిస్ట్ అనీ ఖర్చు పెరుగుతుంది. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి కార్బమజెపిన్ వాడుతుంటే డాక్టర్‌తో చెప్పండి, వాటితో ఇది సరిగా పనిచేయదు.

తీసిన వారంలోపే ఆ హార్మోన్ ఒంట్లోంచి పోతుంది. కాబట్టి పిల్లల కోసమని నెలల ముందే తీయించుకోనక్కర్లేదు, కావాలనుకున్నప్పుడే వెళ్లండి.