అబ్బే, అది మఠం కాదండీ!

సందేహం: మేం ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్‌లో ఉంటాం. పక్కనే రోమ్సీ అనే ఊళ్లో పాతకాలపు అబ్బే ఒకటి ఉంది, ఒకప్పుడు నన్నరీ అట. దాని మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. నన్నరీని కాన్వెంటు అని రాస్తే ఇంట్లో నవ్వారు. సన్యాసినుల మఠం అనాలా? అబ్బెస్ అంటే మఠాధిపత్నా? నేవ్, ఐల్, క్లాయిస్టర్ లాంటివాటికి తెలుగు మాటలున్నాయా? నా మొదటి వాక్యం ఇది: "మౌంట్‌బాటన్‌ను సమాధి చేసిన ఈ బెనెడిక్టిన్ మఠం వెయ్యేళ్లుగా చెక్కుచెదరకుండా నిలిచి ఉంది." సరిగ్గానే ఉందా?

సమాధానం: మీ మొదటి వాక్యంతో నాకు పెద్ద పేచీ ఉందమ్మా, కానీ అది చివర్లో చెబుతాను. ముందు చిన్నవి తేల్చేద్దాం.

ఊరి పేరు ఇంగ్లిషులో ఎలా రాసినా అక్కడివాళ్లు పలికేది "రమ్జీ". పక్క ఊళ్లోనే ఉన్నారు, రోజూ వినే ఉంటారు, కాబట్టి స్పెల్లింగును పక్కన పెట్టి చెవికి వినబడ్డట్టు రమ్జీ అనే రాయండి. ఉన్నది ఉన్నట్టు రాయగల లిపి చేతిలో ఉండగా రోమ్సీ అని రాయడం ఎందుకు? అబ్బే అని ఒత్తు పెట్టడం మాత్రం మానండి. వెస్ట్‌మినిస్టర్ పుణ్యమా అని మన పత్రికల్లో "అబే" స్థిరపడింది, అది చాలు. ఒత్తు పెడితే "అబ్బే, అదేం లేదండీ" అన్నట్టు వినిపిస్తుంది.

ఈ మాటకు మూలం అరమాయిక్ భాషలోని "అబ్బా", అంటే తండ్రి. తెలుగు బైబిలు చదివినవాళ్లకు "అబ్బా తండ్రీ" అన్న పిలుపు గుర్తుండే ఉంటుంది. మఠానికి తండ్రి లాంటివాడు అబట్, తల్లి లాంటిది అబ్బెస్, వాళ్లు ఏలే చోటు అబే. మన తెలుగులోనూ అబ్బ అంటే తండ్రే కదా, రెండూ ఒకటేనేమో అని చాలామందికి అనిపిస్తుంది. కాదు. పసిపిల్లల నోట ముందుగా పలికేవి పెదవులు కలిపే శబ్దాలే కాబట్టి లోకంలో చాలా భాషల్లో అమ్మానాన్నల పేర్లు ఇలాగే ఉంటాయి. దాన్ని పట్టుకుని చుట్టరికం కలుపుకోకూడదు.

నన్నరీని కాన్వెంటు అంటే మీ ఇంట్లోవాళ్లు నవ్వారంటే వాళ్లకు తెలుగు బాగా వచ్చన్నమాట! ఇంగ్లిషులో కాన్వెంటు అంటే నన్‌లు ఉండే ఇల్లు. వాళ్లు బడులు పెట్టారు, ఆ బడులకు ఆ పేరు వచ్చింది, ఆ తర్వాత మన వీధి చివర రేకుల షెడ్డులో ఎల్‌కేజీ, యూకేజీ చెప్పే చోటు కూడా కాన్వెంటే అయింది, అందులో నన్ కాదు కదా శిలువ గుర్తు కూడా ఉండదు. తెలుగులో ఆ మాట అటే స్థిరపడిపోయింది, ఇక వెనక్కి రాదు. "పదో శతాబ్దపు కాన్వెంటు" అని రాస్తే పాఠకుడి కళ్లముందు టై కట్టుకున్న పిల్లలే కదులుతారు.

నన్ అన్న మాటనే ఉంచుకుందామా అంటే విభక్తి దగ్గర ఇబ్బంది. ను చేర్చి కలిపి రాస్తే "నన్ను" అవుతుంది. "బిషప్ నన్ను మందలించాడు" అని రాశారనుకోండి, మందలింపు తిన్నది మీరే! బహువచనంలో బాధ లేదు, "నన్‌లను" అనొచ్చు. ఏకవచనంలో మాత్రం తెలుగు మాటే మేలు.

ఏ మాట? సన్యాసినిలో తప్పేమీ లేదు. సంస్కృతం ప్రకారం సన్న్యాసిని అని రాయాలి, కానీ వాడుకలో ఒక న ఎప్పుడో జారిపోయింది, నేనూ పట్టించుకోను. కాకపోతే "ఒరేయ్ సన్నాసీ" అని తిట్టే భాష మనది, పైగా సన్యాసి అంటే ఇల్లూ వాకిలీ లేకుండా తిరిగే మనిషే గుర్తొస్తాడు. బెనెడిక్ట్ సంప్రదాయంలో చేరినవాళ్లు అందుకు సరిగ్గా వ్యతిరేకం. చేరిన మఠంలోనే చచ్చేదాకా ఉంటామని ప్రమాణం చేస్తారు, బెనెడిక్ట్ అనే మఠాధిపతి ఆరో శతాబ్దంలో రాసిన నియమావళిలో ఆ కట్టుబాటు ముఖ్యమైనది. బౌద్ధంలో భిక్షుణి అన్న చక్కటి మాట ఉంది, అమరావతి స్తూపానికి దానాలిచ్చిన భిక్షుణుల పేర్లు శాసనాల్లో కనబడతాయి కూడా. కానీ భిక్షుణి భిక్షమెత్తి తినాలి, రమ్జీ సన్యాసినులు భూములు గలవాళ్లు, కౌళ్లు వసూలు చేసుకున్నవాళ్లు. జోగిని జోలికి మాత్రం అస్సలు పోకండి, తెలంగాణలో ఆ మాట వెనకున్న కథ వేరు.

తెలుగు కేథలిక్కులను అడిగితే దారి వాళ్లే చూపిస్తారు. వాళ్ల మాటలు మన నిఘంటువులకు సరిగా ఎక్కలేదు గానీ గుంటూరు నుంచి వరంగల్ దాకా రోజూ వాడుకలో ఉన్నాయి: డయోసిస్ మేత్రాసనం, సెయింట్ పునీత, పారిష్ విచారణ, నన్‌లు కన్యాస్త్రీలు లేదా మఠకన్యలు. ఎదురుపడితే మాత్రం సిస్టర్ అనో అమ్మగారు అనో పిలుస్తారు. మఠకన్య నాకు నచ్చిన మాట, ఒక్క చిక్కు తప్ప. మధ్యయుగపు మఠాల్లో భర్త పోయాక వచ్చి చేరిన స్త్రీలు కూడా ఉండేవారు, వాళ్లను కన్యలు అనలేం. అందుకని చరిత్ర రాసేటప్పుడు సన్యాసిని, ఇప్పటివాళ్ల గురించి రాసేటప్పుడు మఠకన్య అని నేను పెట్టుకున్న ఏర్పాటు.

మఠంలో ఉన్నవాళ్లందరూ సన్యాసినులు కూడా కారు. ఈ తేడా మీదే ఒకసారి ఇంగ్లండ్ రాజుగారి పెళ్లి ఆగిపోబోయింది. స్కాట్లండ్ రాజు కూతురు ఈడిత్ రమ్జీలోనూ విల్టన్‌లోనూ మఠాల్లో పెరిగింది. రమ్జీలో ఆమె తల్లి తోబుట్టువు క్రిస్టీనా సన్యాసినిగా ఉండేది. 1100లో మొదటి హెన్రీ ఈడిత్‌ను చేసుకుంటానంటే, ముసుగు వేసుకున్న పిల్లను పెళ్లెలా చేసుకుంటావని అభ్యంతరం వచ్చింది. ఆమె ఆర్చిబిషప్ ఆన్సెల్మ్ దగ్గరికి వెళ్లి చెప్పుకున్నది ఈడ్మర్ అనే సన్యాసి రాసిపెట్టాడు: ఇంగ్లండ్‌ను గెలుచుకున్న నార్మన్ మగవాళ్ల కన్ను పడకుండా క్రిస్టీనా నా తల మీద నల్లగుడ్డ కప్పేది, తీసేస్తే కొట్టేది, ఆమె అటు వెళ్లగానే నేను దాన్ని నేల మీద పడేసి తొక్కేదాన్ని. పెద్దలు కూర్చుని విచారించి ఈమె సన్యాసిని కాదని తేల్చారు, పెళ్లి జరిగింది, ఆమె మెటిల్డా రాణి అయింది. ముసుగు అన్న మన మాట ఇక్కడ ఎంత బాగా అతికిందో చూడండి, అటు గుడ్డకూ సరిపోతుంది, ఇటు నటనకూ సరిపోతుంది.

అబ్బెస్ విషయానికి వస్తే మఠాధిపత్ని వద్దు. వ్యాకరణం ఒప్పుకోదని కాదు. "విభాషా సపూర్వస్య" అని పాణిని సూత్రం ఒకటుంది. ముందు ఇంకో పదం చేరిన పతి శబ్దం స్త్రీకి వాడినప్పుడు పత్నిగా మారినా మారొచ్చు, మారకపోయినా పోవచ్చు. యజమానురాలిని గృహపత్ని అనొచ్చు, గృహపతి అన్నా తప్పు లేదు. కానీ తెలుగులో పత్ని అంటే భార్యే, ఇంకో అర్థం తోచదు. మఠాధిపత్ని అనగానే మఠాధిపతిగారి భార్య కనబడుతుంది. 2007లో ప్రతిభా పాటిల్ రాష్ట్రపతి అయినప్పుడూ ఇదే చర్చ వచ్చింది, చివరికి రాష్ట్రపతే నిలిచింది. మీరూ మఠాధిపతి అనే రాయండి. ఆడో మగో క్రియ చెబుతుంది, "మఠాధిపతి ఒప్పుకోలేదు, ఎదురు తిరిగింది" అంటే అయిపోయె.

రమ్జీ మఠాధిపతుల్లో ఎదురు తిరిగే వీలు లేకపోయిన ఆమె కూడా ఉంది. ఇంగ్లండ్ రాజు స్టీఫెన్ కూతురు మేరీ ఇక్కడ మఠాధిపతిగా ఉండగా 1159లో అన్న విలియం పిల్లల్లేకుండా పోయాడు, ఫ్రాన్స్ తీరంలోని బులోన్ సంస్థానానికి ఈమె వారసురాలైంది. మరుసటేడే ఆల్సేస్ వంశపు మాథ్యూ ఆమెను మఠం నుంచి ఎత్తుకుపోయి పెళ్లి చేసుకున్నాడు, సంస్థానం కోసం. ఇద్దరు కూతుళ్లు పుట్టాక కొన్నేళ్లకు పెళ్లి రద్దయింది, ఆమె మళ్లీ మఠంలోనే చేరింది, ఫ్రాన్స్‌లో. మీ వ్యాసంలో ఈమెకు ఒక పేరా ఇవ్వండి, మౌంట్‌బాటన్ కంటే ఈమె కథే చదివిస్తుంది.

అంతా విషాదమే అనుకోకండి. 1387లో బిషప్ విలియం ఆఫ్ వికమ్ రమ్జీకి రాసిన ఉత్తరంలో కంప్లయింటు ఏమిటంటే, కొందరు సన్యాసినులు పిట్టల్నీ కుందేళ్లనీ వేటకుక్కల్నీ వెంటబెట్టుకుని చర్చిలోకి వస్తున్నారు, ప్రార్థన మీద కంటే వాటి మీదే ధ్యాస ఎక్కువగా ఉంది. అంతకు వందేళ్ల ముందు ఆర్చిబిషప్ పెకమ్ మఠాధిపతినే మందలించాడు, గదిలో కోతుల్ని పెంచొద్దని.

ఇప్పుడు కట్టడం మాటలు. నేవ్ అంటే లాటిన్లో ఓడ. మన నావా అదీ ఒకే తాత మనవలు, ఈ చుట్టరికం మాత్రం నిజమే. అలాగని "చర్చి నావ" అని రాస్తే ఎవరికీ తలకెక్కదు, నడిమి మండపం అనండి. ఐల్‌కు మన ఇళ్లల్లోనే మాటుంది, నడవ. ఇటూ అటూ ఉన్నవి పక్క నడవలు. ట్రాన్సెప్టుకు మాట పుట్టించనక్కర్లేదు, చర్చి పైనుంచి చూస్తే శిలువ ఆకారమే కాబట్టి ఉత్తరపు చెయ్యి, దక్షిణపు చెయ్యి అంటే చాలు.

క్లాయిస్టర్ దగ్గర నాకు కోనసీమ గుర్తొస్తుంది. నడుమ ఆకాశం కనిపించే చదరం, చుట్టూ కప్పున్న వసారా: మండువా లోగిలి చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. తేడా కొలతలోనూ పనిలోనూ ఉంది. మండువాలో వాన నీళ్లు పడతాయి, క్లాయిస్టర్‌లో గడ్డి పెరుగుతుంది, సన్యాసినులు ఆ వసారాల్లోనే నడిచేవారు, చదువుకునేవారు, నిద్రపోయే గదికీ భోజనశాలకూ చర్చికీ దారి అదే. "మఠం మండువా" అని ఒకసారి వివరించి తర్వాత మండువా అనే వాడుకోండి.

రమ్జీలో ఆ మండువా చర్చికి దక్షిణాన ఉండేది, ఇప్పుడు లేదు. కానీ అటు వెళ్లి దక్షిణపు చేతి బయటి గోడ ముందు కాసేపు నిలబడండి. నార్మన్‌లు రాకముందటి నిలువెత్తు శిలువ శిల్పం ఉంది. క్రీస్తు తల వాలిపోలేదు, కళ్లు తెరిచి, చేతులు సూటిగా చాచి, ఏదో మోస్తున్నట్టు కాక ఎవరినో రమ్మంటున్నట్టు నిలబడి ఉంటాడు, పైన మేఘంలోంచి దేవుడి చెయ్యి ఒకటి కిందికి దిగుతూ ఉంటుంది. సన్యాసినులు చర్చిలోకి వచ్చే గుమ్మం ఆ మూలనే, అంటే రోజూ ప్రార్థనకు వెళ్లేటప్పుడు వాళ్ల కళ్లబడేది ఇదే.

లోపల నడిమి మండపంలో తూర్పు నుంచి పడమరకు నడవండి. తూర్పు కొసన గుండ్రటి లావుపాటి స్తంభాలు నేల నుంచి లేచి పై అంతస్తులోకి చొచ్చుకుపోతాయి, కమానులన్నీ అర్ధచంద్రాకారంలో ఉంటాయి. కట్టడం మొదలైంది 1120 ప్రాంతంలో. పడమటి కొసకు వచ్చేసరికి కమానుల కొసలు మొన తేలతాయి, అక్కడికి పదమూడో శతాబ్దం వచ్చేసింది. వందేళ్లు పట్టిన పని, మధ్యలో ఫ్యాషన్ మారింది, పాతది కూల్చి సరిచేయాలని ఎవరూ అనుకోలేదు. తూర్పువైపు ఒక స్తంభం తల మీద "రాబర్ట్ నన్ను చేశాడు" అని లాటిన్లో చెక్కి ఉంటుంది. ఇక్కడ "నన్ను" అంటే స్తంభాన్నే లెండి.

ఇక మీ మొదటి వాక్యం. మఠం అంటే మనుషులు, వాళ్ల నియమం, వాళ్లు ఉండే ఇల్లు. చర్చి అందులో ఒక భాగం. రమ్జీ మఠం 907లో పెద్ద ఎడ్వర్డ్ రాజు కాలంలో పుట్టింది, 967లో ఎడ్గర్ రాజు దాన్ని బెనెడిక్ట్ నియమం కిందికి తెచ్చాడు, పద్నాలుగో శతాబ్దం మొదట్లో తొంభై మంది దాకా ఉన్న సన్యాసినులు 1348-49 ప్లేగు తర్వాత ఇరవై మంది దాకా మిగిలారు, ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ రద్దు చేస్తున్నప్పుడు 1539లో ఇదీ పోయింది. ఇళ్లు కూల్చేశారు. చర్చి ఎందుకు మిగిలిందంటే అందులో ఉత్తరపు పక్క నడవ అప్పటికే ఊరివాళ్ల గుడి, కేథలిక్కుల మాటలో చెప్పాలంటే విచారణ గుడి. అది పోతే ఊరికి ప్రార్థనకు చోటుండదు కాబట్టి 1544లో జనం 100 పౌండ్లు పోసి చర్చి మొత్తం రాజు దగ్గర కొనేశారు. ఆ అమ్మకపు దస్తావేజు ఇప్పటికీ అక్కడే ఉంది, ఈసారి వెళ్లినప్పుడు చూడండి. పేరు మాత్రం అబే అనే ఉండిపోయింది, హైదరాబాద్‌లో తోట లేకపోయినా బషీర్‌బాగ్ ఉన్నట్టు.

మౌంట్‌బాటన్ ఇల్లు బ్రాడ్‌లాండ్స్ ఆ ఊళ్లోనే. ఆయన్ను దక్షిణపు చేతిలో సమాధి చేసింది 1979లో, మఠం పోయి అప్పటికి 440 ఏళ్లు. "మఠంలో సమాధి చేశారు" అంటే ఆయన చివర్లో సన్యాసం పుచ్చుకున్నాడేమో అని అనుమానం వస్తుంది. కాబట్టి వాక్యాన్ని ఇలా తిప్పండి: "మౌంట్‌బాటన్ సమాధి ఉన్న ఈ చర్చి ఒకప్పుడు బెనెడిక్ట్ సంప్రదాయపు సన్యాసినుల మఠానిది. మఠం పోయింది, చర్చిని ఊరివాళ్లు కొనుక్కున్నారు." చెక్కుచెదరకుండా అన్నది కొట్టేయండి, చెదిరినదంతా మీరే దక్షిణం వైపు గడ్డి మీద చూసి వచ్చారు.