28 పాయింట్లకు 30 వేలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నల్గొండ టోర్నమెంటుకు మా బాస్కెట్‌బాల్ జట్టుకి స్పాన్సర్ 60 వేలు ఇస్తామన్నారు. హైదరాబాద్ నుంచి ఒక స్కోరర్‌ను పిలుద్దామంటే 30 వేలు అడుగుతున్నాడు. మ్యాచ్‌కు 28 పాయింట్లు కొడతాడట. పిలవమంటారా?

జవాబు: 28 సంగతి సరే, అందుకు ఎన్ని షాట్లు వేశాడు? స్కోర్‌షీటులో అది దొరకదు. అందులో బుట్టలో పడ్డ షాట్లే ఉంటాయి, తప్పినవి ఉండవు. అతని మూడు మ్యాచ్‌ల వీడియోలు తెప్పించుకుని, పడ్డవీ తప్పినవీ నోటుబుక్కులో గీతలు గీస్తూ లెక్కపెట్టండి. ఫ్రీ త్రోలు (ఎదుటివాళ్ల ఫౌల్‌కు అడ్డు లేకుండా వేయనిచ్చే షాట్లు) వేరే వరుసలో రాయండి.

ఫ్రీ త్రోల సంఖ్యను 0.44తో గుణించి షాట్లకు కలపండి. వచ్చినదాన్ని రెట్టింపు చేసి, దానితో పాయింట్లను భాగించండి. షాట్లను ఎంత బాగా వాడుకుంటున్నాడో చెప్పే అంకె అది, ఎక్కువైతే మంచిది. 26 షాట్లు, 6 ఫ్రీ త్రోలతో 28 కొట్టాడనుకోండి, 0.489 వస్తుంది. మీ జట్టులోనే 11 షాట్లు, 4 ఫ్రీ త్రోలతో 16 కొట్టే పిల్లగాడుంటే అతనిది 0.627. అలాగని అతని చేత కూడా 26 షాట్లు వేయిస్తే ఆ అంకె నిలవదు, ఎదుటి జట్టు వదలదు కదా. స్కోరర్‌కు విలువ ఉన్నది అక్కడే: షాటు వేయడానికి ఇచ్చే 24 సెకన్ల గడువు అయిపోవస్తుంటే, మీదికి ఇద్దరు వచ్చినా షాటు వేయగలగాలి. అతనిది 0.55 దాటితే బేరమాడండి. 0.50 లోపు అయితే వద్దు.

వీడియోలో ఇంకొకటి చూడండి. బంతి అతని చేతిలో ఉన్నప్పుడు మిగతా నలుగురు కదులుతున్నారా, నిలబడి చూస్తున్నారా? ఇద్దరు చుట్టుముట్టినప్పుడు పాస్ ఇస్తున్నాడా? ఇవ్వనివాడైతే ఎదుటి జట్టు ఒకణ్ణి అతని వెంట అంటించి, మిగతా నలుగురిని బుట్ట దగ్గర పెట్టేస్తారు. మీ ఆట అంతటితో ఆగిపోతుంది. అయిదో ఫౌల్‌తో అతను బయటికి వెళ్లాడంటే మీ 30 వేలూ బెంచీ మీద కూర్చున్నట్టే.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోనూ ఇదే తంటా. ఫీనిక్స్ జట్టు డ్యూరాంట్, బుకర్, బీల్ అనే ముగ్గురు స్కోరర్లకూ భారీగా ముట్టజెప్పి 2024 ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ) మొదటి రౌండులోనే 4-0తో పోయింది. 2004లో టైటిల్ గెలిచిన డెట్రాయిట్ జట్టులో, ప్లేఆఫ్స్‌కు ముందు జరిగే లీగ్ దశలో మ్యాచ్‌కు సగటున 20 పాయింట్లు దాటినవాడే లేడు.

మా లెక్కలో 15 వేలు దాటొద్దు. మిగిలినదానితో రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతులు) పట్టే పొడగరి ఒకణ్ణి చూసుకోండి, ప్రాక్టీసుకు 7 నంబరు బంతులు నాలుగు కొనండి. స్కోరర్‌కు సగం ముందే ఇచ్చి, మిగతాది మ్యాచ్‌ల వారీగా ఇవ్వండి. పాయింటుకింత అని మాత్రం ఒప్పుకోకండి, పాస్ ఇవ్వాల్సిన చోట కూడా షాటే వేస్తాడు.