ఎత్తంటే భయం ఉన్నవాళ్ళు బ్లార్నీ రాయిని ముద్దు పెట్టుకోగలరా?

మీకు ఎత్తంటే భయమని, మీ అత్తగారికి మోకాళ్ళ నొప్పులని రాశారు. ఐర్లండ్ ట్రిప్‌లో ఒక రోజంతా కార్క్ దగ్గరి బ్లార్నీ కోటకే, అక్కడ జనం ముద్దు పెట్టుకునే ఆ రాయి కోసమే ఇవ్వడం దండగా అని అడిగారు. నేను డబ్లిన్‌లో ఉంటాను, మా అమ్మ వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్ళాను. నా మాట ఒక్కటే: తప్పకుండా వెళ్ళండి. మీరు భయపడాల్సింది ఆ ముద్దు గురించి కాదు, పైకి ఎక్కే మెట్ల గురించి.

రాయి ఉన్నది కోట పైకప్పు దగ్గర, గోడ అంచుకు కింది వైపున. అక్కడికి నూట పాతిక పైచిలుకు రాతి మెట్లు ఎక్కాలి. అవి గుండ్రంగా తిరుగుతూ, పైకి వెళ్ళేకొద్దీ ఇరుకైపోతాయి. అరిగి నున్నబడ్డాయి కూడా, వాన పడితే జారతాయి. వెనకాల జనం ఉంటే మధ్యలో వెనక్కి తిరగడం కష్టం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడను దయచేసి ఎక్కించకండి.

ఇక ముద్దు. గోడకు వీపు పెట్టి కూర్చుని, వెల్లకిలా పడుకుని, రెండు ఇనుప కడ్డీలు పట్టుకుని తలను కిందికి వాల్చాలి. అక్కడి ఉద్యోగి నడుము దగ్గర గట్టిగా పట్టుకుంటారు. కింద సందులో అడ్డంగా కడ్డీలు కూడా ఉన్నాయి. పూర్వం కాళ్ళు పట్టుకుని వేలాడదీసేవారట, ఇప్పుడు ఆ బాధ లేదు. తల వాల్చగానే చెట్లూ పచ్చికా తలకిందులుగా కనిపించాయి, గుండె దడదడలాడింది. "ఇంకొంచెం వెనక్కి" అన్నారాయన. ముఖానికి ఎదురుగా నల్లగా నున్నబడ్డ రాయి. పెదవులకు చల్లగా తగిలింది, అంతే, లేపేశారు. అంతా కలిపి పది సెకన్లు ఉంటుందేమో. కళ్ళు మూసుకుంటే ఎత్తన్న సంగతే తెలియదు. కళ్ళజోడు, జేబులో చిల్లర, ఫోను ముందే మీవాళ్ళ చేతికివ్వండి.

ఆ రాయిని ముద్దాడితే మాటకారితనం వస్తుందని నమ్మకం. మా అమ్మకు చెప్తే, కాళిదాసు నాలుక మీద కాళికాదేవి బీజాక్షరాలు రాసినట్టన్నమాట అంది. ఇప్పుడున్న కోటను 1446లో మెకార్తీ వంశంవాళ్ళు కట్టారు. కోట అప్పగించమని మొదటి ఎలిజబెత్ రాణి అడిగినప్పుడల్లా ఆ వంశపు దొర ఒకాయన తియ్యటి మాటలతో వాయిదా వేస్తూ పోయాడని చెప్పుకుంటారు. రాయి గురించి ఇంకో కథ, 1314లో బానక్‌బర్న్ యుద్ధంలో సాయం చేసినందుకు స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్ పంపాడని. 2014లో గ్లాస్గో యూనివర్సిటీ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే అది దాదాపు 33 కోట్ల ఏళ్ళ నాటి స్థానిక సున్నపురాయేనని తేలింది. నాకైతే ఇది తెలిశాక రాయి మీద ఇష్టం ఇంకా పెరిగింది. ఎక్కడి నుంచో తెచ్చింది కాదు, ఆ నేలదే.

మీ అత్తగారి గురించి బెంగ వద్దు. కింద తోటలే చాలా ఉన్నాయి. కోట పక్కనే విషపు మొక్కల తోట ఉంది, ముట్టుకోవద్దని బోర్డులు పెట్టారు. అందులో మన ఆముదం మొక్క చూసి మా అమ్మ అక్కడే నిలబడిపోయింది. "మన చేల గట్ల మీద ఉండేదేగా, విషమేంటి?" అంది. గింజల్లో రైసిన్ అనే విషం ఉంటుందని, సరిగ్గా తీసిన నూనెలోకి అది రాదని చెప్పాను. తర్వాత వాగు వైపు, పెద్ద పెద్ద బండరాళ్ళూ పాత చెట్లూ ఉన్న రాక్ క్లోజ్ అనే తోటలో తిరిగాం. అక్కడ కోరికల మెట్లున్నాయి, కళ్ళు మూసుకుని దిగి ఎక్కితే కోరిక తీరుతుందంటారు. తడిగా ఉంటాయి కాబట్టి ఆవిడకు అవీ వద్దు.

డబ్లిన్ నుంచి కార్క్‌కు రైల్లో రెండున్నర గంటలు, కార్క్ సిటీ నుంచి 215 నంబరు బస్సు. ఎండాకాలం మధ్యాహ్నం వెళ్తే క్యూలో గంట పైనే నిలబడాలి, అదీ ఆ మెట్ల మీదే. వీలైతే ముందురోజే కార్క్ చేరుకుని, గేటు తెరిచే వేళకు అక్కడుండండి. వెళ్ళగానే ముందు రాయి దగ్గరికి ఎక్కేయండి, తోటలు తర్వాత చూడొచ్చు.