కూలి లెక్క దగ్గర ఆగు

పెరంబూరు, చెన్నై

అమ్మలూ,

స్వాతంత్ర్యానికి ముందటి నవలల్లో రాజకీయాల మీద వ్యాసం రాయాలని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇన్నేళ్లు ఇదే పాఠం చెప్పినదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ‘మాలపల్లి’ తియ్యి. గాంధీ పేరు ఎన్నిసార్లు వచ్చింది, ఉపన్యాసాలు ఎక్కడున్నాయి అని వెతక్కు. ఎం.ఏ.లో నేను అదే పని చేసి ఇరవై పేజీలు నింపాను. నవల మాత్రం నా చేతికి చిక్కలేదు. కూలి దగ్గర ఆగు. ధాన్యం ధర పెరిగింది. అప్పటిదాకా గింజలు కొలిచిన ఆసామి ఇకమీదట డబ్బులిస్తానంటాడు. ఆ డబ్బుతో సాయంత్రం కొట్టుకెళ్తే ఎన్ని గింజలొస్తాయో లెక్కేసి చూడు. పాలేరు ఇంట్లో పొయ్యి మీది కుండ కళ్లకు కడుతుంది. పాలేళ్ల పక్షాన నిలబడ్డ సంగదాసు ప్రాణం పోయింది ఆ గొడవలోనే.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ఈ నవల రాసింది రాయవేలూరు జైల్లో. ఇక్కడ రైలెక్కితే ఒక పూటలో వెళ్లొచ్చే ఊరు. 1923లో మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ ప్రభుత్వం నడిచింది మన బీచ్ దగ్గరి కోటలోంచే. పాలేరు కూలి కథకి దొరలెందుకు జడిశారో ఆ గోడల పక్కన నడుస్తూ ఆలోచించు, వ్యాసం దానంతటదే కదులుతుంది.

సంగదాసు తండ్రి రామదాసుది ఓర్పు. ఇంకో కొడుకు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడన్న పేరుతో దోపిడీకి దిగుతాడు. రచయిత మొగ్గు తండ్రి వైపే, అయినా ఆ కొడుకు మీద ప్రేమ దాచుకోలేకపోయారు. నాకు అన్నిటికన్నా ఇష్టం ఆ పెనుగులాటే. దాన్ని సాఫు చేసి రాయకు తల్లీ.

ఏ కూర్పు చదువుతున్నావో కూడా చూసుకో. బెంగాలీ నవలాకారుడు బంకించంద్రుడు సర్కారు ఉద్యోగంలో ఉంటూనే 1882లో ‘ఆనందమఠం’ పుస్తకంగా తెచ్చాడు. తర్వాతి కూర్పుల్లో ఇంగ్లీషువాళ్ల ప్రస్తావనలు కొన్ని మార్చాడు. నవాబ్ రాయ్ పేరుతో రాసే ఉర్దూ రచయిత 1908లో తెచ్చిన ‘సోజే వతన్’ కథల పుస్తకం ప్రతుల్ని సర్కారు తగలబెట్టించాకే ఆయన ప్రేమ్‌చంద్ అయ్యాడు. అందుకే, గట్టిగా అనలేదని ఎవర్నీ పిరికివాడనకు. అలా ఎందుకన్నాడో వెతుకు.

శనివారం పొద్దున ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీకి వస్తాను. పెన్సిలూ, రెండు తెల్ల కాగితాలూ తెచ్చుకో. ఆ కూలి లెక్క ఇద్దరం కలిసి వేద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ