అద్దె ఇంట్లో మోడల్ రైలు: 4×8 బల్ల కొనే ముందు

సందేహం: ఈ దేశం వచ్చి ఏడాది కావస్తోంది. అద్దె అపార్ట్‌మెంటు, ఒక గది ఖాళీగా ఉంది. హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు, అంటే 1:87 స్కేలు) స్టార్టర్ సెట్ కొన్నాను. 4×8 అడుగుల ప్లైవుడ్ మీద లేఅవుట్ వేసి, తర్వాత పెంచుకుందామనుకుంటున్నాను. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జవాబు: టేపు తీసుకుని ముందు ఆ గది తలుపు కొలవండి. తర్వాత మెట్ల మలుపు, లిఫ్టు, కారు వెనక సీట్లు మడిస్తే వచ్చే జాగా. 4×8 అనేది ప్లైవుడ్ షీటు అమ్మే సైజు, అంతకుమించి దానికి మహత్యం ఏమీ లేదు. కొత్తగా దిగినవాళ్ళు ఒకే ఇంట్లో ఎక్కువ కాలం ఉండరు. ఉద్యోగం మారుతుంది, అద్దె పెరుగుతుంది, పిల్లల బడి కోసం ఇంకో పేటకి వెళ్తారు. ఆ రోజు బల్లని రంపంతో కోయాలి, లేదా చెత్తలో వేయాలి. ఇంజన్లకే డబ్బు తగలేస్తామని అందరి భయం. నిజానికి ఇంజన్ పెట్టెలో పెట్టుకుని పోవచ్చు, అమ్ముకోవచ్చు. జిగురేసి అతికించిన పట్టాలు, కంకర పోసిన పాయింట్లు (రైలుని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్ళించే పట్టా ముక్కలు), ప్లాస్టర్ కొండలు, వీటి మీద పెట్టినదే పైసా వెనక్కి రాదు.

పైగా 4×8 బల్ల మీద హెచ్‌ఓకి దొరికే వంపు వ్యాసార్ధం మహా అయితే 22 అంగుళాలు. చెయ్యి సుఖంగా అందేది 30 అంగుళాల లోపు కాబట్టి బల్ల చుట్టూ నడవాలి. 2 అడుగుల దారి వదిలితే 8×12 గది మొత్తం దానికే పోయింది. అదే గదిలో గోడల వెంట 2 అడుగుల వెడల్పు బల్లలు వేస్తే మీరు మధ్యలో నిలబడతారు, మూలల్లో 30 అంగుళాల వంపు పడుతుంది. హెచ్‌ఓలో 85 అడుగుల ప్యాసింజరు బోగీ దాదాపు 11.7 అంగుళాలు ఉంటుంది. వ్యాసార్ధం బోగీ పొడవుకి కనీసం రెండున్నర రెట్లు ఉండాలి. లేకపోతే కప్లర్లు (బోగీలని కలిపే కొక్కాలు) లాగి పట్టా తప్పిస్తాయి. బల్లల్ని గోడకి బిగించకండి, కాళ్ళ మీద నిలబెట్టండి. గోడకి రంధ్రాల సంగతి లీజులో ఏం రాసుందో మీరే చూసుకోండి.

కాబట్టి బల్లని విడదీసి మోసుకెళ్ళగలిగే 2×4 అడుగుల ముక్కలుగా చెయ్యండి. 1×4 అంగుళాల కలపతో చట్రం, పైన 2 అంగుళాల ఎక్స్‌ట్రూడెడ్ ఫోమ్ షీటు. జిగురు ఫోమ్‌కి పడేదే కొనండి. సాల్వెంట్ ఉన్న జిగురు, మామూలు స్ప్రే పెయింటు రెండూ ఫోమ్‌ని కరిగించేస్తాయి. ఎదురెదురుగా కలవాల్సిన రెండు చివరి చెక్కలనీ క్లాంపుతో ఒకటిగా బిగించి ఒకేసారి డ్రిల్ చెయ్యండి. రెండు డోవెల్ పిన్నులు (రంధ్రంలో బిగుతుగా కూర్చునే గుండ్రటి పుల్లలు), రెండు బోల్టులు. సరైన చోట నిలబెట్టే పని డోవెల్‌ది, దగ్గరికి లాగే పని బోల్టుది. అందుకే బోల్టు రంధ్రం కొంచెం వదులుగా ఉండాలి.

ముక్కలు కలిసే చోటే ఓపిక చూపించాలి. అక్కడ పట్టా తిన్నగా, అంచుకి లంబంగా దాటాలి. వంపు గానీ పాయింట్లు గానీ అతుకు మీద పడకూడదు. ముక్కలు బోల్టులతో బిగించి, అంచుకి రెండు వైపులా, పట్టాలోని ఒక్కో కడ్డీ కింద ఒక్కో ఇత్తడి స్క్రూ దింపండి. ఫోమ్‌లో కాదు, కింద కలప ఉన్నచోట. స్క్రూ తల కడ్డీ అడుగుని తాకాలి, పైకి నెట్టకూడదు. ఒకే ఫ్లెక్స్ ట్రాక్ (చేత్తో వంచగలిగే పట్టా) ముక్కని అతుకు మీదుగా పరిచి, అంచు దగ్గర ప్లాస్టిక్ స్లీపర్లు రెండు మూడు తీసేసి, కడ్డీని స్క్రూ తలకి సోల్డర్ చెయ్యండి. పూర్తిగా చల్లారాక సన్నని కటింగ్ డిస్కుతో సరిగ్గా అంచు మీద కోయండి. కోత మీద వేలు రాస్తే గోరుకి ఏదీ తగలకూడదు. తగిలితే చక్రం కూడా అక్కడే ఎగురుతుంది.

చలికాలం హీటర్ నడిచే గదిలో కలప ఎండి ముడుచుకుంటుంది, పట్టా కడ్డీ ముడుచుకోదు, పట్టా పక్కకి ఉబుకుతుంది. చట్రానికి అన్ని వైపులా పెయింటు వెయ్యండి. తిన్నని చోట జాయినర్లను (రెండు పట్టా ముక్కల్ని కలిపే లోహపు తొడుగులు) సోల్డర్ చెయ్యకుండా, విజిటింగ్ కార్డు మందం ఖాళీ వదలండి. వంపుల్లో మాత్రం వంచడానికి ముందే సోల్డర్ చెయ్యండి, లేకపోతే అతుకు దగ్గర మూల తేలుతుంది.

జాయినర్లే కరెంటు మోస్తాయనుకుంటే కొన్నాళ్ళకి ఇంజన్ నత్తనడక పడుతుంది. బల్ల కింద పొడుగునా 14 గేజి బస్ వైరు (కరెంటు మోసే లావు మెయిన్ వైరు), ప్రతి 3 అడుగుల పట్టాకీ దాన్నుంచి 22 గేజి ఫీడర్ (సన్న వైరు) జత, అదీ అడుగు లోపు పొడవుతో. సోల్డర్‌కి రోజిన్ ఫ్లక్స్ వాడండి, యాసిడ్ ఫ్లక్స్ వైరుని తినేస్తుంది. అపార్ట్‌మెంట్లలో పొగ అలారం చురుకుగా ఉంటుంది, కిటికీ తెరిచి కూర్చోండి. అయ్యాక, మీ సెట్ డీసీసీ (ఒక్కో ఇంజన్‌ని విడిగా నడిపే డిజిటల్ కంట్రోలు) అయితే, లేఅవుట్ అంతా అక్కడక్కడ పట్టా రెండు కడ్డీల మీద నాణెం అడ్డం పెట్టి చూడండి. బూస్టర్ (పట్టాకి కరెంటు పంపే పెట్టె) వెంటనే ఆగిపోవాలి. ఆగలేదంటే అక్కడ వైరు చాలడం లేదు, నిజంగా షార్ట్ అయిన రోజు బోగీ చక్రాల దగ్గర ప్లాస్టిక్ కరుగుతుంది.

వైర్లలో, పాయింట్లలో పిసినారితనం వద్దు. మెయిన్ లైనుకి 6వ నంబరు పాయింట్లు (నంబరు పెరిగితే లైను మెల్లగా చీలుతుంది) తీసుకోండి. పాయింట్ మోటార్లు, సౌండు డీకోడర్లు, చెట్లు అన్నీ తర్వాత. చేత్తో తోసే పాయింట్లు చాలా కాలం సరిపోతాయి.

మొదట రెండు ముక్కలే చేయండి: 8 అడుగుల షంటింగ్ యార్డు, మూడు పాయింట్లు, ఒక చిన్న ఇంజను. రైలు గుండ్రంగా తిరగడం లేదని బెంగ వద్దు. వ్యాగన్లు విడదీసి వరసలు మార్చడంలోనే సాయంత్రాలు గడిచిపోతాయి. ఆ రెండూ సరిగ్గా నడిచాకే మూల ముక్క. ఒక లైను మీదుగా ఇంకో లైను దాటించే ఆలోచన చిన్న గదిలో మానుకోండి. 3 అంగుళాల ఎత్తుకి 2 శాతం వాలుతో ఎక్కడానికే పన్నెండున్నర అడుగులు కావాలి, దిగడానికి మళ్ళీ అంత.

సేల్ అనగానే మనవాళ్ళు ఆగలేరు. బ్రిటన్ ఓఓ బోగీలు కూడా హెచ్‌ఓ లాగే 16.5 మిల్లీమీటర్ల గేజి (రెండు కడ్డీల మధ్య దూరం) మీదే నడుస్తాయి, కానీ వాటి స్కేలు సుమారు 1:76, మీది 1:87. పక్కన నిలబెడితే ఒకటి లావుగా కనిపిస్తుంది, కప్లర్లూ కలవవు. డబ్బా మీద స్కేలు చదివి కొనండి. పవర్ అడాప్టర్ మీద ‘100–240 వోల్టులు’ అని ఉన్నదే తీసుకోండి. 120 మాత్రమే ఉన్నదాన్ని రేపు 230 వోల్టుల దేశంలో ప్లగ్గులో పెడితే అడాప్టరే కాదు, వెనక ఉన్న కంట్రోలర్ కూడా కాలిపోవచ్చు.