మధ్యాహ్నం నల్లబడే ఎల్‌సీడీ

ప్రశ్న: మాది నర్సంపేట. మిర్చి కల్లం దగ్గర రేకుల షెడ్డులో వేడి, తేమ చూపించే 16×2 ఎల్‌సీడీ బోర్డు పెట్టుకున్నాను. పొద్దున అంకెలు బాగానే ఉంటాయి, మధ్యాహ్నానికి గడులన్నీ నల్లబడుతున్నాయి. డిస్‌ప్లే పోయినట్టేనా?

జవాబు: పోలేదండీ, కొత్తది కొనకండి. లిక్విడ్ క్రిస్టల్ వేడెక్కేకొద్దీ తక్కువ వోల్టేజీకే స్పందిస్తుంది, అందుకే పొద్దున సరిపోయిన వోల్టేజీ మధ్యాహ్నం ఎక్కువైపోయి, కనిపించకూడని చుక్కలు కూడా నల్లబడతాయి. ఆ వోల్టేజీని సర్దడానికి 10 కిలో ఓమ్‌ల ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి మార్చుకునే చిన్న రెసిస్టర్) తెచ్చి, రెండు చివరలు 5 వోల్టులకు, గ్రౌండుకు, నడిమి కాలు డిస్‌ప్లే మూడో పిన్నుకు కలపండి. షెడ్డు బాగా కాగినప్పుడే స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పుతూ గడులు మాయమయ్యే చోట ఆపండి. చల్లబడితే మళ్లీ తిప్పాల్సి రావచ్చు; రోజూ తిప్పడం విసుగైతే థర్మిస్టర్ ఉంది, వేడిని బట్టి దాని నిరోధం మారుతుంది కాబట్టి వోల్టేజీని అదే సర్దేలా కలుపుకోవచ్చు. అన్నట్టు, చిప్పు లేని ఒట్టి గాజు డిస్‌ప్లేకు నేరుగా బ్యాటరీ తగిలించకండి. దానికి వోల్టేజీ దిశ సెకనుకు పదులసార్లు మారుతుండాలి, డీసీ, అంటే దిశ మారని వోల్టేజీ, అలాగే నిలిస్తే లోపల పాడై మళ్లీ బాగుపడదు.