డ్రాయింగ్ కనిపించనంతగా కామెంట్లు పడితే

చి. ప్రవల్లికకు,

బాబాయి ఆశీస్సులు. నువ్వు పంపిన నాలుగో అంతస్తు స్లాబ్ పీడీఎఫ్ తెరిచి చూశాను. మార్పు చోటు చుట్టూ మబ్బులా గీసే ఎర్ర క్లౌడ్లు, నీలం బాణాలు, కామెంట్లు రాసిన పసుపు డబ్బాలు. వాటి కింద బీమ్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. అన్నీ డిలీట్ చేసి మళ్లీ మొదలుపెట్టనా అని అడిగావు. వద్దమ్మా. ఎవరు ఏ తేదీన ఏం అడిగారో, దానికి ఎవరు ఒప్పుకున్నారో అందులోనే ఉంది. రేపు బిల్లు దగ్గర కాంట్రాక్టర్ "ఆ ఓపెనింగ్ మార్చమన్నది మీరే కదా" అంటే చూపించడానికి అదే ఆధారం. ముందుగా ఫైలు పేరులో తేదీ, రివిజన్ నంబరు పెట్టి ఒక కాపీ దాచి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యి.

డిలీట్ చేయదగ్గవి ఒక రకం మాత్రం ఉన్నాయి. లిస్టులో వేల కామెంట్లు చూసి టెన్షన్ పడ్డావు కదా, ఆథర్ కాలమ్ చూడు. "ఆటోక్యాడ్ ఎస్‌హెచ్‌ఎక్స్ టెక్స్ట్" అని ఉన్నవి మనుషులు రాసినవి కావు. డ్రాయింగ్ గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌కి సొంతమైన ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్‌తో రాసిన అక్షరాలు పీడీఎఫ్‌లోకి గీతలుగా వెళ్తాయి, వెతికితే దొరకవు. అందుకని ఆటోక్యాడ్ 2016 నుంచి ప్రతి అక్షరాల ముక్కకీ ఒక కామెంట్ తగిలించడం మొదలైంది. వాటిని తీసేస్తే వెతికే వీలు పోతుంది, డ్రాయింగ్‌లో రాత మాత్రం అలాగే ఉంటుంది. ఆథర్ మీద ఫిల్టర్ పెట్టి, అన్నీ సెలెక్ట్ చేసి ఒక్కసారే తీసెయ్. డ్రాఫ్ట్స్‌మన్‌తో ఆటోక్యాడ్‌లో పీడీఎఫ్‌ఎస్‌హెచ్‌ఎక్స్ అనే సెట్టింగ్‌ని 0 చేయించు, వచ్చే రివిజన్‌లో ఈ బెడద ఉండదు.

ఇక మిగిలినవి మనుషుల గొడవలు. మీరు వాడేది బ్లూబీమ్ రెవ్యూ అనే పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ కాబట్టి ప్రతి మార్కప్‌కీ, అంటే డ్రాయింగ్ మీద పెట్టిన ప్రతి గుర్తుకీ కామెంట్‌కీ, స్టేటస్ పెట్టుకోవచ్చు. కామెంట్ అడిగినవాళ్లే దాన్ని మూయాలి. మార్చిన డ్రాఫ్ట్స్‌మన్ "కంప్లీటెడ్" అని కొట్టేస్తే, అడిగిన ఇంజనీరు అసలు చూడకుండానే అది మూతపడిపోతుంది. మూసినవాటిని తుడవకు, ఫిల్టర్‌తో కనబడకుండా చెయ్యి చాలు. ఆర్కిటెక్చర్, స్ట్రక్చర్, ఎంఈపీ (మెకానికల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్), సైట్ అని వేరువేరు లేయర్లు పెడితే ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. రంగులు కూడా శాఖను బట్టే ఇవ్వండి. ఇప్పుడు మీ షీట్లో ఎవరికి కోపం వస్తే వాళ్లది ఎరుపు అయినట్టుంది. రంగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, సైట్‌లో బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్‌లో పసుపు కనిపించదు. మార్కప్ సబ్జెక్ట్‌లో శాఖ పేరు కూడా ఉండాలి.

డ్రాయింగ్‌లో ఒకే పిల్లర్ పక్కన ఐదు డబ్బాలు చూశాను. ఒక ప్రశ్న, దాని మీద జవాబు, దాని మీద అనుమానం, ప్రతిదానికీ కొత్త డబ్బా. జవాబు అదే మార్కప్‌కి రిప్లైగా రాయాలి. మూడు నాలుగు మాటల్లో తేలనిది ఆర్‌ఎఫ్‌ఐ (వివరణ కోరుతూ విడిగా రాసే లేఖ) కావాలి, డ్రాయింగ్ మీద దాని నంబరు ఒక్కటే ఉంటే సరిపోతుంది. మా రోజుల్లో ట్రేసింగ్ మీద ఇంకుతో గీసి, తప్పొస్తే బ్లేడుతో గీకేవాళ్లం. గీకడం ఎంత కష్టమో తెలుసు కాబట్టి ఎవరూ అనవసరంగా రాసేవాళ్లు కాదు. ఇప్పుడు క్లిక్ చవక.

ఫ్లాటెన్ జోలికి మాత్రం తొందరపడి వెళ్లకు. ఫ్లాటెన్ చేస్తే మార్కప్ పేజీలో కలిసిపోతుంది, లిస్టులోంచి పోతుంది. రెవ్యూలో తిరిగి రాబట్టుకునే ఆప్షన్ ఉంది గానీ, ఫ్లాటెన్ చేసేటప్పుడే దాన్ని టిక్ చేసి ఉండాలి. సైట్‌కి పంపే కాపీకి చెయ్యి, మీరు పనిచేసే ఫైల్‌కి వద్దు.

సైట్ కాపీ సంగతి ఇంకోటి. మేస్త్రీ చేతికి వెళ్లేది ఏ3 ప్రింటు. ఏ1 షీటు ఏ3లోకి వస్తే కొలతలు సరిగ్గా సగమవుతాయి. 2.5 మిల్లీమీటర్ల అక్షరం 1.25 అవుతుంది. దాని మీద క్లౌడ్ గీత పడితే బార్ స్పేసింగ్ 150 అని ఉందో 180 అని ఉందో ఎవరికి తెలుస్తుంది? మీ చర్చలు మేస్త్రీకి అక్కర్లేదు. అక్రోబాట్‌లో ప్రింట్ ఇచ్చేటప్పుడు మార్కప్స్ లేకుండా డాక్యుమెంట్ ఒక్కటే వచ్చేలా ఎంచుకోవచ్చు. ఒప్పుకున్న మార్పు డ్రాయింగ్‌లోకే ఎక్కి, రివిజన్ క్లౌడ్‌తో, జీఎఫ్‌సీ (గుడ్ ఫర్ కన్‌స్ట్రక్షన్) ముద్రతో రావాలి. కామెంట్ చూసి కమ్మీ కట్టించకూడదు.

కొత్త రివిజన్ వచ్చినప్పుడు రెవ్యూలో స్లిప్ షీట్ చేస్తే, అంటే పాత షీటు స్థానంలో కొత్తది పెడితే, పాత మార్కప్స్ కొత్త షీటు మీదికి వచ్చేస్తాయి. సౌకర్యమే, కానీ మూసినవి, చచ్చినవి కూడా కలిసి వస్తాయి. ముందు పాత షీట్లో ఏవి ఇంకా తేలలేదో చూసుకో. వచ్చాక ప్రతి బాణం ఇంకా సరైన బీమ్‌నే చూపిస్తోందా అని చూడు, గ్రిడ్ కాస్త జరిగినా బాణం పక్క బీమ్‌ని చూపిస్తుంది.

అన్ని షీట్లూ ఒకేసారి పెట్టుకోకు. ఈ వారం ఆ నాలుగో అంతస్తు ఒక్కటి చాలు. అందులో పైపులు వెళ్లడానికి స్లాబ్‌లో వదిలే స్లీవ్‌ల దగ్గర తెరిచి ఉన్న కామెంట్లు మొదట తేల్చు, కాంక్రీట్ పోశాక కోర్ కటింగ్ (మెషీన్‌తో స్లాబ్‌కి రంధ్రం కొట్టడం) తప్ప దారి ఉండదు. ఎంఈపీ వాళ్లని స్క్రీన్ ముందు కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ వాళ్ల చేతే స్టేటస్ మార్పించు. పోత తేదీకి ముందే అది అయిపోవాలి.

ఇట్లు,
మీ బాబాయి